ఆకాశంలో కన్ను – 7 : షట్టర్ ఎవరి చేతిలో?

1965 ఫిబ్రవరి 24న అమెరికాలో ఇటెక్ అనే కెమెరాల కంపెనీ సీఐఏకు ఒక మాట చెప్పింది. మీరు అప్పగించిన కొత్త ఉపగ్రహ కెమెరా పనిలో ఇక మేం ఉండం. ప్రచ్ఛన్న యుద్ధం మంచి వేడి మీదున్న రోజులవి. క్యూబా క్షిపణుల సంక్షోభం ముగిసి మూడేళ్లు కూడా కాలేదు. సోవియట్ యూనియన్‌లో ఏ మూల ఏ క్షిపణి ఉందో అమెరికా అధ్యక్షుడికి తెలుస్తున్నదంటే, అందులో పెద్ద భాగం ఇటెక్ కెమెరాలు కక్ష్యలోంచి తీసి పంపిన ఫిల్ము వల్లే. అలాంటి కంపెనీ, తనను పెంచి పెద్దచేసిన సంస్థనే కాదంది. సీఐఏ పెద్దలకు ఒళ్లు మండింది. అయినా వాళ్లు చేయగలిగింది పెద్దగా లేదు. అది ప్రైవేటు కంపెనీ. వద్దనుకున్న కాంట్రాక్టును వదులుకునే హక్కు దానికి ఉంది.

గత వారం మన కథ 1960 మే 1 దగ్గర ఆగింది. గ్యారీ పవర్స్ నడిపిన యు-2 విమానాన్ని సోవియట్ క్షిపణి కూల్చింది. ఆ దేశపు గగనతలంలోకి మనిషిని పంపే దారి అమెరికాకు ఆ రోజుతో మూసుకుపోయింది. తర్వాత ఆ పని ఉపగ్రహాలకు చేరింది. వాటి గురించి మనం చదివేవన్నీ గూఢచారుల కథలు, అధ్యక్షుల కథలు. కెమెరా చేసినవాళ్లు, ఫిల్ము కడిగినవాళ్లు, రాకెట్ అమ్మినవాళ్లు ఆ కథల అంచుల్లో మిగిలిపోయారు. ఈ వారం వాళ్లను నడిమధ్యకు తీసుకువద్దాం. నిఘా ఉపగ్రహాల విషయంలో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీల మీద ఆధారపడటం ఈలాన్ మస్క్ వచ్చాకే మొదలైందన్న మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. నేను ఒప్పుకోను. ఆధారపడటం తొలి ఉపగ్రహంతోనే ఉంది. మారిందల్లా కంపెనీ ముందు నిలబడే కొనుగోలుదారుల సంఖ్య. ఒకప్పుడు కొనేవాడు ఒక్కడే. ఇప్పుడు ఎందరో. ఈ అరవై ఏళ్ల చరిత్రలో మలుపులన్నీ ఆ తేడాలోంచే పుట్టాయి.

అందరూ కలిసి దాచిన కెమెరా

1958 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కొరోనా అనే నిఘా ఉపగ్రహ పథకానికి అనుమతి ఇచ్చాడు. నడిపే బాధ్యత సీఐఏ, వైమానిక దళం కలిసి తీసుకున్నాయి. సీఐఏ తరఫున ముందు నిలబడింది రిచర్డ్ బిసెల్, యు-2 పథకాన్ని నడిపించిన మనిషే. డబ్బు, అధికారం, రహస్యం ఈ రెండు సంస్థల దగ్గర పుష్కలంగా ఉన్నాయి. ఉపగ్రహం చేయగల చేతులు మాత్రం లేవు. థోర్ రాకెట్ డగ్లస్ కంపెనీది. దాని పైన కూర్చుని, కక్ష్యలోకి చేరాక తానే ఉపగ్రహంగా పనిచేసే ఎజీనా అంచె లాక్‌హీడ్‌ది. అన్నిటినీ ఒకచోట కూర్చే బాధ్యతా లాక్‌హీడ్‌దే. ఫిల్మును భూమికి దించే గుళికను జనరల్ ఎలక్ట్రిక్ చేసింది. ఫిల్ము ఈస్ట్‌మన్ కొడాక్‌ది, రోచెస్టర్ ఊళ్లో దాన్ని కడిగి బొమ్మ తేల్చిందీ కొడాక్ వాళ్లే. కెమెరా రూపకల్పన ఇటెక్‌ది, మొదట్లో తయారీ ఫెయిర్‌చైల్డ్‌ది. ఆ ఉపగ్రహంలో ప్రభుత్వం తన చేత్తో చేసిన భాగం ఏదని వెతికితే దొరకడం కష్టం.

కూర్పు పని కాలిఫోర్నియాలో పాలో ఆల్టో పక్కన, హిల్లర్ అనే హెలికాప్టర్ల కంపెనీ ఆవరణలో అద్దెకు తీసుకున్న చోట జరిగింది. లోకానికి మాత్రం ఇది డిస్కవరర్ అనే శాస్త్ర పరిశోధన పథకమని చెప్పారు. జీవులు అంతరిక్షంలో ఎలా తట్టుకుంటాయో చూస్తున్నాం అన్నారు. ఆ మాట నమ్మించడానికి 1959 జూన్‌లో డిస్కవరర్-3లో నాలుగు నల్ల ఎలుకలను కూడా ఎక్కించారు. రాకెట్ కక్ష్య చేరలేదు, ఎలుకలు చనిపోయాయి.

ఇటెక్ పుట్టుక గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. దాన్ని పెట్టిన రిచర్డ్ లెగ్‌హార్న్ రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ తీరం మీద ఫొటో నిఘా విమానాలు నడిపిన వైమానిక దళ అధికారి. యుద్ధం వచ్చాక ఫొటోలు తీయడం కాదు, శాంతికాలంలోనే శత్రువు నేలను చూస్తూ ఉండాలి అని 1946లోనే బోస్టన్ యూనివర్సిటీ దృశ్యశాస్త్ర ప్రయోగశాలలో ప్రసంగించాడు. అప్పటికి అది ఎవరికీ రుచించని ఆలోచన. పదకొండేళ్ల తర్వాత, 1957లో, లారెన్స్ రాక్‌ఫెల్లర్ పెట్టుబడితో ఇటెక్‌ను స్థాపించాడు. కొద్ది నెలల్లోనే ఆ బోస్టన్ ప్రయోగశాలను, అందులోని నిపుణులతో సహా, తన కంపెనీలో కలుపుకున్నాడు. కొరోనా కెమెరాకు ఎవరి నమూనా ఎంచుకోవాలన్న ప్రశ్న బిసెల్ ముందుకు వచ్చేసరికి ఇటెక్ వయసు ఏడాది కూడా నిండలేదు. ఫెయిర్‌చైల్డ్ నమూనాలో ఉపగ్రహం బొంగరంలా తిరుగుతూ ఫొటో తీయాలి. ఇటెక్ నమూనాలో ఉపగ్రహం కదలకుండా నిలబడి ఉంటే, కటకం ఒక చివరి నుంచి మరో చివరికి ఊగుతూ పొడవాటి పట్టీగా నేలను చిత్రిస్తుంది. బిసెల్ రెండోదాన్ని ఎంచుకున్నాడు. ఏడాది నిండని ఒక కంపెనీ చేతిలో ఒక అగ్రరాజ్యం తన చూపును పెట్టింది.

1959 ఫిబ్రవరి 28న మొదటి డిస్కవరర్ ఎగిరింది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు అపజయాల వరస. ఒకసారి రాకెట్ పేలేది, ఒకసారి ఉపగ్రహం తలకిందులుగా తిరిగేది, ఒకసారి గుళిక ఎక్కడ పడిందో తెలిసేది కాదు. కెమెరా పనిచేసినప్పుడు ఫిల్ము తెగేది. అంతరిక్షంలోని శూన్యంలో ఎసిటేట్ ఫిల్ము తేమ కోల్పోయి పెళుసుబారి ముక్కలైపోయేది. కొడాక్ ఇంజనీర్లు దాన్ని మార్చి పాలియెస్టర్ పొర మీద ఫిల్ము తయారు చేశారు. ఈ ఒక్క మార్పు లేకపోతే కొరోనా లేదు. రాకెట్ల గురించి పుస్తకాలు పుస్తకాలుగా రాస్తాం గాని, ఆ పలుచని పొర చేసినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తు లేవు.

1960 ఆగస్టులో డిస్కవరర్-13 గుళిక క్షేమంగా సముద్రంలో దిగింది, కాని అందులో ఫిల్ము లేదు. వారం తర్వాత ఆగస్టు 18న ఎగిరిన డిస్కవరర్-14లో ఉంది. మర్నాడు హవాయి దగ్గర పారాచూట్ కింద దిగుతున్న గుళికను కెప్టెన్ హారల్డ్ మిచెల్ సి-119 రవాణా విమానంతో గాలిలోనే పట్టుకున్నాడు. విమానం తోక కింద కొక్కేల తాళ్లు వేలాడుతుంటే పారాచూట్ మీదుగా ఎగిరి దాన్ని చిక్కించుకోవాలి. రెండుసార్లు తప్పింది, మూడోసారి చిక్కింది. ఆ ఒక్క ఫిల్ము చుట్టలో సుమారు 42 లక్షల చదరపు కిలోమీటర్ల నేల ఉంది. మన దేశ విస్తీర్ణం కంటే ఎక్కువ. అంతకుముందు యు-2 విమానాలు నాలుగేళ్లలో సోవియట్ భూమిని చూసినదానికంటే ఎక్కువ. ఏడాది తిరిగేసరికి, 1961 సెప్టెంబరులో, సోవియట్ యూనియన్ దగ్గర ఖండాంతర క్షిపణుల లాంచర్లు 10 నుంచి 25 మాత్రమే ఉన్నాయని అమెరికా గూఢచారి సంస్థలు అంచనా కట్టాయి. వందలున్నాయన్న భయం మీద ఎన్నికలు జరిగిన దేశంలో ఇది మామూలు సంగతి కాదు.

ఆ నెలలోనే జాతీయ నిఘా కార్యాలయం, ఎన్ఆర్ఓ, పుట్టింది. అలాంటి కార్యాలయం ఒకటుందని అమెరికా ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1992 దాకా పట్టింది.

ఈ రహస్యం కంపెనీలను ఏం చేసిందో ఇటెక్‌లో కనిపిస్తుంది. కంపెనీ షేర్లు బజారులో ఉన్నాయి. ధర పెరుగుతోంది. కొన్నవాళ్లకు మాత్రం తాము దేనికి డబ్బు పెట్టామో తెలియదు. వార్షిక నివేదికలో రాయడానికి లేదు. అసలు పని గురించి మాట్లాడితే నేరం. ఇంత పెద్ద విజయం సాధించిన కంపెనీ దాన్ని మరో కొనుగోలుదారుడికి చూపించి ఇంకో ఆర్డరు తెచ్చుకోలేదు. కొనేవాడు ఒక్కడే, వాడి నోరు కట్టేసి ఉంది, కంపెనీ నోరూ కట్టేసి ఉంది. ఇద్దరూ ఒకే తాడుకు కట్టుబడి ఉన్నారు. ప్రభుత్వం కంపెనీ మీద ఎంత ఆధారపడిందో కంపెనీ కూడా ప్రభుత్వం మీద అంతే ఆధారపడింది. ఆ సరితూకమే ముప్పై ఏళ్లపాటు ఈ వ్యవస్థను నిలబెట్టిందని నా అభిప్రాయం.

ఇటెక్ ఎందుకు వెళ్లిపోయింది

అందుకే 1965 నాటి ఆ నిర్ణయం అంత ఆశ్చర్యం కలిగించింది. కొరోనా తర్వాత రావలసిన పెద్ద ఉపగ్రహానికి సీఐఏ ఫల్‌క్రమ్ అని పేరు పెట్టింది. కెమెరా పని సహజంగానే ఇటెక్‌కు ఇచ్చింది. కెమెరా ఒక్క ఊపులో ఎంత వెడల్పు నేలను చూడాలన్న దగ్గర తగువు మొదలైంది. 120 డిగ్రీలు కావలసిందేనని సీఐఏ పట్టుబట్టింది. ఆ పట్టుదలకు సాంకేతికంగా తగిన కారణం లేదని ఇటెక్ ఇంజనీర్లు అన్నారు. పైకి ఇది కటకాల తగువే. లోపల మరొకటి ఉంది. నిఘా ఉపగ్రహాలు ఎవరి అధీనంలో ఉండాలన్న దాని మీద సీఐఏ, ఎన్ఆర్ఓ ఆ రోజుల్లో ఒకదాని మీద ఒకటి కత్తులు దూస్తున్నాయి. ఇటెక్ ఆ రెండిటి మధ్య నలిగింది. కంపెనీ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ లిండ్సే తానూ ఒకప్పుడు సీఐఏలో పనిచేసినవాడే. ఆయనే వెనక్కి తగ్గే నిర్ణయం చెప్పాడు. దీని వెనుక ఎన్ఆర్ఓ చెయ్యి ఉందని సీఐఏ అనుమానించింది.

ఫలితం? పని పెర్కిన్-ఎల్మర్ అనే మరో కంపెనీకి వెళ్లింది. ఫల్‌క్రమ్ ఆలోచన హెక్సగన్‌గా మారింది. కొరోనా కెమెరాలను 1972లో ఆ పథకం ముగిసేదాకా ఇటెక్ చేస్తూనే ఉంది, అపోలో చివరి మూడు యాత్రల్లో చంద్రుడి చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీసిన కెమెరా కూడా దానిదే. కాని నిఘా ఉపగ్రహాల్లో దాని మొదటి స్థానం పోయింది. ఒక్క కొనుగోలుదారుడే ఉన్న బజారులో కాదనడానికి ఎంత ఖరీదు చెల్లించాలో లిండ్సేకు తెలియకపోలేదు. తెలిసీ చెప్పాడు. ఈ మొత్తం చరిత్రలో నాకు గౌరవం కలిగించే ఘట్టాల్లో ఇది ఒకటి. ఒక ఇంజనీరింగ్ సంస్థ తనకు నమ్మకం లేని యంత్రాన్ని చేయనంది.

హెక్సగన్ 1971 జూన్ నుంచి 1986 వరకు ఎగిరింది. దాదాపు 18 మీటర్ల పొడవు, రైలు పెట్టెకు దగ్గరగా. లోపల వంద కిలోమీటర్లకు దగ్గరగా ఫిల్ము, దించడానికి నాలుగు గుళికలు. మొదటి ఉపగ్రహం దించిన గుళికల్లో ఒకటి పారాచూట్ దెబ్బతిని పసిఫిక్‌లో మునిగిపోతే, మరుసటి ఏడాది ట్రియెస్ట్-2 అనే సబ్‌మెరీన్‌తో సుమారు 16,000 అడుగుల లోతున దాన్ని వెతికి పట్టుకున్నారు. కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ అనే చిన్న ఊళ్లో పెర్కిన్-ఎల్మర్ కర్మాగారంలో ఈ కెమెరాలు తయారయ్యాయి. వందలాది మంది రోజూ లోపలికి వెళ్లి వచ్చేవారు. ఏం చేస్తున్నావని భార్య అడిగినా, భర్త అడిగినా జవాబు చెప్పకూడదు. ఆ నిషేధం 2011 సెప్టెంబరులో గాని తొలగలేదు. అప్పటికి వాళ్లలో చాలామంది ముసలివాళ్లయ్యారు, కొందరు చెప్పకుండానే పోయారు. తమ జీవితంలోని ముఖ్యమైన పనిని పిల్లలకు చెప్పుకోలేని ఆ మనుషులను తలచుకుంటే, జాతీయ భద్రత అన్న మాటకు ఎవరెవరు ఏమేం చెల్లించారో తెలుస్తుంది.

1976 డిసెంబరులో ఎగిరిన కేహెచ్-11 ఉపగ్రహంతో ఫిల్ము కాలం ముగియడం మొదలైంది. బొమ్మ రేడియో తరంగాల మీద నేరుగా వచ్చేది. 1977 జనవరి 21న, పదవిలోకి వచ్చిన మర్నాడే, జిమ్మీ కార్టర్ ముందు ఆ తొలి బొమ్మలు పెట్టారు.

బజారులోకి వచ్చిన చూపు

ఒకే కొనుగోలుదారుడున్న ఆ వ్యవస్థ బద్దలవడానికి కారణం కంపెనీలు కాదు. ఇతర దేశాలు. 1986 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ స్పాట్-1ను పంపి, 10 మీటర్ల స్పష్టత గల బొమ్మలను అడిగినవాళ్లందరికీ అమ్మడం మొదలుపెట్టింది. రెండు నెలలకే చెర్నోబిల్ పేలింది. ధ్వంసమైన ఆ అణు విద్యుత్ కేంద్రాన్ని ప్రపంచ పత్రికలు స్పాట్ చిత్రాల్లో చూశాయి. ఒక దేశం దాచిపెట్టదలచిన దృశ్యాన్ని విలేకరులు డబ్బిచ్చి కొనుక్కున్నారు. సోవియట్ యూనియన్ కూలాక, 1992లో, రష్యా తన గూఢచారి ఉపగ్రహాల బొమ్మలనే 2 మీటర్ల స్పష్టతతో అమ్మకానికి పెట్టింది.

ఇక్కడ హైదరాబాద్ కథలోకి వస్తుంది. 1995 డిసెంబరు 28న మన ఐఆర్ఎస్-1సి ఉపగ్రహం బైకనూర్ నుంచి ఎగిరింది. దాని కెమెరా స్పష్టత 5.8 మీటర్లు. ఆనాడు పౌర ఉపగ్రహాల్లో అంత నిశితంగా చూడగలది మరొకటి లేదు. షాద్‌నగర్ దగ్గరి భూకేంద్రంలో దిగిన ఆ సమాచారాన్ని బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ శుద్ధి చేసేది. అమెరికాలో ఆ బొమ్మలు అమ్మే హక్కును ఈఓశాట్ అనే అమెరికన్ కంపెనీ కొనుక్కుంది. ఓక్లహోమా రాష్ట్రంలోని నార్మన్ ఊళ్లో నేరుగా మన ఉపగ్రహం నుంచి సమాచారం దింపుకునేది. అమెరికా పౌరుడు అమెరికా నేల బొమ్మను భారతీయ ఉపగ్రహం నుంచి కొనుక్కునే రోజులొచ్చాయి. దీన్ని మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా చూడలేదు. చూడాలి.

బజారు ఎటు పోతోందో వాషింగ్టన్‌కు అంతకుముందే అర్థమైంది. ఎవరో ఒకరు అమ్ముతూనే ఉంటారు, ఆ అమ్మేవాడు అమెరికన్ అయితే మేలు. 1994 మార్చిలో అధ్యక్షుడు క్లింటన్ జారీ చేసిన ఆదేశం అమెరికన్ కంపెనీలకు ఒక మీటరు స్పష్టతతో ఫొటోలు తీసి అమ్ముకునే వీలు కల్పించింది. అందులో ఒక మెలిక ఉంది. దేశభద్రతకు ముప్పు అనిపిస్తే, ఫలానా రోజుల్లో ఫలానా చోట ఫొటో తీయొద్దని కంపెనీని ప్రభుత్వం ఆపవచ్చు. దీన్ని షట్టర్ కంట్రోల్ అన్నారు.

అలా వచ్చిందే ఐకోనోస్. 1999 ఏప్రిల్‌లో మొదటిది కక్ష్య చేరకుండానే పోయింది. సెప్టెంబరు 24న రెండోది చేరింది. ఒక మీటరు స్పష్టత. రోడ్డు మీద కారును, రన్‌వే మీద విమానాన్ని గుర్తుపట్టవచ్చు. ఉపగ్రహం ఎవరు చేశారు? లాక్‌హీడ్. కెమెరా? ఈస్ట్‌మన్ కొడాక్. నలభై ఏళ్ల కిందట కొరోనా చేసిన ఆ రెండు పేర్లే. చేతులు మారలేదు. నైపుణ్యం మారలేదు. ఈసారి కొడాక్ తీసిన బొమ్మను ఎవరైనా కొనవచ్చు.

రెండేళ్లకే పరీక్ష వచ్చింది. 2001 అక్టోబరు 7న అమెరికా అఫ్ఘానిస్థాన్ మీద దాడి మొదలుపెట్టింది. తన సైన్యం ఎక్కడుందో, బాంబులు ఎక్కడ పడ్డాయో ఐకోనోస్ బొమ్మల్లో ఏ పత్రికైనా చూపించవచ్చు. షట్టర్ కంట్రోల్ వాడవచ్చు. వాడితే ఎవరైనా కోర్టుకు వెళతారు, భావప్రకటన హక్కు ప్రశ్న వస్తుంది. ప్రభుత్వం ఇంకో దారి పట్టింది. యుద్ధ ప్రాంతం మీద ఐకోనోస్ తీసే బొమ్మలన్నిటికీ ఏకైక హక్కులను కొనేసింది. మొదటి నెలకు సుమారు 19 లక్షల డాలర్లు. ఇలా రెండు నెలలు. చట్టంతో ఆపకుండా చెక్కు రాసి ఆపింది. ప్రభుత్వం షట్టర్ మీద అధికారాన్ని కొనుక్కోవాల్సి వచ్చిన మొదటి సందర్భం ఇదే అనిపిస్తుంది నాకు. బొమ్మ కొనడం వేరు, మరొకరికి దక్కకుండా కొనడం వేరు. ఆ అక్టోబరు 22నే శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ మోసుకెళ్లిన టెస్ ఉపగ్రహం మన దేశానికి ఒక మీటరు చూపు ఇచ్చింది. దాని బొమ్మలను మన ప్రభుత్వం ఎవరికీ అమ్మలేదు.

ఒక్కడే కొనడం మానేశాక

అక్కడి నుంచి కంపెనీల అదృష్టం ప్రభుత్వ బడ్జెట్ మీద ఊగింది. 2010లో అమెరికా పదేళ్లకు 730 కోట్ల డాలర్ల విలువైన కాంట్రాక్టులను డిజిటల్‌గ్లోబ్, జియోఐ అనే రెండు కంపెనీలకు పంచింది. ఐకోనోస్ అప్పటికి జియోఐ చేతికి వచ్చింది. రెండేళ్లకే బడ్జెట్ కోత పడింది. జియోఐ ఒంటరిగా నిలవలేకపోయింది, 2013 మొదట్లో డిజిటల్‌గ్లోబ్‌లో కలిసిపోయింది. ఇద్దరు అమ్మేవాళ్లు ఒక్కరయ్యారు. కొనేవాడు ఒక్కడైతే అమ్మేవాడూ చివరికి ఒక్కడే మిగులుతాడు.

సొంతంగా చేయించుకునే దారి కూడా సాఫీగా సాగలేదు. 1999లో ఎన్ఆర్ఓ తన కొత్త తరం ఉపగ్రహాల కాంట్రాక్టును దశాబ్దాల అనుభవం ఉన్న లాక్‌హీడ్‌ను కాదని బోయింగ్‌కు ఇచ్చింది. బోయింగ్ ఆ తరహా దృశ్య ఉపగ్రహాన్ని అంతకుముందు చేయలేదు. వందల కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో కెమెరా ఉపగ్రహాల భాగాన్ని రద్దు చేసి, పాత రకాన్ని మళ్లీ చేయమని లాక్‌హీడ్‌నే అడిగారు. నైపుణ్యం కాగితాల మీద ఉండదు, మనుషుల్లో ఉంటుందని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు. 2012లో ఎన్ఆర్ఓ తన దగ్గర మిగిలిపోయిన రెండు దూరదర్శినులను నాసాకు ఇచ్చేసింది. ఒక్కోదాని అద్దం వెడల్పు 2.4 మీటర్లు, సరిగ్గా హబుల్‌దంత. వాటిలో ఒకదాన్ని ఇప్పుడు నాన్సీ గ్రేస్ రోమన్ అంతరిక్ష దూరదర్శినిలో వాడుతున్నారు.

ఉపగ్రహాన్ని పైకి పంపే పనిలోనూ ఇదే కథ. లాక్‌హీడ్, బోయింగ్ 2006లో కలిసి పెట్టిన యుఎల్ఏ కంపెనీకే సుమారు పదేళ్లపాటు ఈ రహస్య ఉపగ్రహాల ప్రయోగాలు దక్కాయి. ఆ కంపెనీ వాడే అట్లాస్-5 రాకెట్‌లో మొదటి అంచె ఇంజను ఆర్‌డీ-180. అది రష్యాలో తయారైంది. రష్యాను చూడటానికి అమెరికా పంపే ఉపగ్రహాన్ని రష్యా ఇంజనే మోసుకెళ్లింది. 2014లో క్రిమియాను రష్యా ఆక్రమించుకునేదాకా ఇది వాషింగ్టన్‌లో ఎవరికీ పెద్ద ఇబ్బందిగా తోచలేదు. ఆ ఏప్రిల్‌లోనే మస్క్ కంపెనీ స్పేస్ఎక్స్ ఈ గుత్తాధిపత్యాన్ని సవాలు చేస్తూ వైమానిక దళం మీద దావా వేసింది. 2015లో సైనిక ప్రయోగాలకు అర్హత తెచ్చుకుంది. 2017 మే 1న ఫాల్కన్-9 మీద తొలి ఎన్ఆర్ఓ ఉపగ్రహాన్ని పంపింది.

ఆ తర్వాతి అడుగు మరీ పెద్దది. స్పేస్ఎక్స్ స్టార్‌షీల్డ్ విభాగం ఎన్ఆర్ఓకు వందలాది చిన్న నిఘా ఉపగ్రహాలు చేసి ఇవ్వడానికి 2021లో 180 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుందని 2024 మార్చిలో రాయిటర్స్ రాసింది. రెండు నెలలకు, మే 22న, ఆ కొత్త వ్యవస్థలోని మొదటి ప్రయోగం కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి జరిగింది. 2025 నాటికి ఆ ఉపగ్రహాల సంఖ్య 200 దాటిందని ఎన్ఆర్ఓ స్వయంగా చెప్పింది. కొరోనా కాలంలో రాకెట్ ఒకరిది, ఉపగ్రహం ఒకరిది, కెమెరా ఒకరిది. ఇటెక్ పోతే పెర్కిన్-ఎల్మర్ వచ్చింది. ఇప్పుడు రాకెట్, ఉపగ్రహం, వాటి మధ్య సంభాషణ జాలం ఒకే కంపెనీ చేతిలో చేరాయి. ఈ సంగతి నన్ను కలవరపెడుతుంది. 1965లో ఇటెక్ చెప్పినట్టు అలాంటి కంపెనీ కాదంటే, ఆ స్థానంలోకి ఎవరు వస్తారు?

ఇక బొమ్మల బజారు. 2022 మే 25న ఎన్ఆర్ఓ పదేళ్ల వాణిజ్య చిత్రాల కాంట్రాక్టులను మాక్సర్, ప్లానెట్, బ్లాక్‌స్కై కంపెనీలకు ఇచ్చింది. మాక్సర్ వాటా ఒక్కటే గరిష్ఠంగా 324 కోట్ల డాలర్లు. డిజిటల్‌గ్లోబ్ వారసురాలే ఈ మాక్సర్. ఆ ఫిబ్రవరి చివర్లో కీవ్ వైపు కదులుతున్న సుమారు 64 కిలోమీటర్ల రష్యా సైనిక వాహనాల వరసను ప్రపంచం టీవీల్లో చూసిందంటే అది మాక్సర్ బొమ్మల్లోనే. గూఢచారి సంస్థ గదిలో కొద్దిమంది చూడాల్సిన దృశ్యాన్ని మన ఇళ్లలో అన్నం తింటూ చూశాం. యుద్ధాన్ని దాచలేని కాలం వచ్చిందని చాలామంది సంతోషించారు. నేను కూడా.

ఆ సంతోషానికి హద్దు 2025 మార్చిలో తెలిసింది. ఉక్రెయిన్ అధికారులు అమెరికా ప్రభుత్వ ద్వారం గుండా మాక్సర్ బొమ్మలు చూసుకునేవారు. ఆ ద్వారంలో వాళ్ల ఖాతాలను అమెరికా ప్రభుత్వం తాత్కాలికంగా నిలిపేసింది. మాక్సర్ ఆ సంగతిని ధ్రువీకరించింది. కొద్ది రోజులకు మళ్లీ తెరిచారు. ఉపగ్రహం కంపెనీది, దాని కాంట్రాక్టు అమెరికాది, ప్రాణాలు ఉక్రెయిన్ వాళ్లవి. 1994లో రాసుకున్న షట్టర్ కంట్రోల్ మాటను ఎవరూ ఎత్తలేదు. ఎత్తే అవసరం రాలేదు, ఖాతా మూస్తే చాలు.

ఇదంతా చూస్తున్న ప్రతి దేశమూ తన సొంత చూపు కోసం వెతుకుతోంది. మన కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో అంతరిక్ష నిఘా పథకం మూడో దశకు అనుమతి ఇచ్చింది. 26,968 కోట్ల రూపాయలు, 52 ఉపగ్రహాలు. వాటిలో 21 ఇస్రో చేస్తుంది. మిగిలిన 31 ప్రైవేటు కంపెనీలు. ఆ పనికి ఎంపికైనవాటిలో హైదరాబాద్‌కు చెందిన అనంత్ టెక్నాలజీస్ ఉందని పత్రికల్లో వచ్చింది. 1992 నుంచి ఇస్రోకు విడిభాగాలు, ఉపవ్యవస్థలు చేసి ఇస్తున్న కంపెనీ అది. రేపు ఆ 31 ఉపగ్రహాల ఒప్పందాలు రాసే అధికారులు రెండు సంగతులు ముందుగా రాసుకోవాలి. కంపెనీ మధ్యలో తప్పుకుంటే పని ఎవరికి వెళ్తుంది, ఆ ఉపగ్రహం తీసిన బొమ్మను మరొకరికి అమ్మే హక్కు ఎవరిది.

(వచ్చే వారం: 1995లో పోఖ్రాన్ సన్నాహాల ఉపగ్రహ చిత్రాలు అమెరికా రాయబారి ఫ్రాంక్ విస్నర్ చేతిలో ఢిల్లీకి ఎలా చేరాయి, 1998 మేలో అవే ఉపగ్రహాల కన్నుగప్పి మనవాళ్లు పరీక్ష ఎలా జరిపారు.)